వీరభద్రం మింగిన ఐదు పళ్ళు

తేనెలోయ అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్ళు, పికిలిపిట్టలు ఉండేవి. అడవిపందులు కూడా ఉండేవి. వాటి పేరు చెబితే కుందేళ్ళకు ఒళ్ళు జలదరించేది. ఏటా చలికాలంలో పందులు మంద కట్టి వచ్చి, దుంపల కోసం మూతులతో నేలంతా పెళ్ళగించేవి. దుంపలతో పాటు కుందేళ్ళ బొరియలు కూడా కూలిపోయేవి.

ఆ అడవిలో తాయారు అనే కుందేలు ఉంది. దానికి నలుగురు పిల్లలు. తాయారుకి ఏది చూసినా తెలుసుకోవాలనే ఉంటుంది. రాయి కనబడితే దాని కింద ఏముందో చూడాలి. చప్పుడు వినబడితే అది ఎక్కడిదో కనుక్కోవాలి. "నీ ముక్కు ఒకచోట ఊరుకోదే తాయారూ" అని తోటి కుందేళ్ళు ఆటపట్టించేవి.

ఒక ఏడు చలికాలం వెళ్ళగానే తాయారు బొరియ ముందు ఎవరూ నాటని మొక్క ఒకటి మొలిచింది. తాయారు దాని చుట్టూ మట్టి గుల్ల చేసింది. ఆకుల్లో నీళ్ళు పట్టుకొచ్చి పోసింది. మొక్క ఏపుగా పెరిగి, తలలు వంచుకున్న తెల్లపూలు పూసింది. ఎండలు ముదిరేసరికి ఎనిమిది కాయలు కాచి ఎర్రగా పండాయి. ఒక్కొక్కటీ రేగుపండంత ఉంది. ఒళ్ళంతా ముడతలు, చివర చిన్న తోక. అలాంటి పండును తాయారు ఎన్నడూ చూడలేదు.

ఒక సాయంత్రం మంద నుంచి తప్పిపోయిన అడవిపంది ఒకటి అటు వచ్చింది. తాయారు పిల్లల్ని లోపలికి నెట్టి, బొరియ అంచు నుంచి తొంగి చూసింది. పంది ఒక పండు కొరికింది. మరుక్షణం గీపెట్టి, మూతిని నేలకేసి రాసుకుంటూ, పొదలన్నీ తొక్కుకుంటూ పారిపోయింది. మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

తాయారు సంతోషంతో ఒక గంతేసింది. ఈ గింజలు బొరియ చుట్టూ నాటితే వచ్చే చలికాలం పిల్లలు హాయిగా పడుకుంటారు. కానీ పంది ఎందుకు పారిపోయింది? ఆ పండులో ఏముంది? పిల్లల పక్కన పెంచబోయేది ఏమిటో తెలుసుకోకుండా ఎలా?

అంతలో సుబ్బులు అనే పికిలిపిట్ట కొమ్మ మీద వాలి, ఒక పండును గుటుక్కున మింగింది.

"వదినా, ఎలా ఉంది?" అని తాయారు ఆత్రంగా అడిగింది.

"ఎలా ఉంటుంది? కాస్త తీపి, కాస్త చప్పన. కిందటేడు కొండ అవతల తిన్నాను. ఈ మొక్క నా రెట్టలోంచి మొలిచిందే అయ్యుంటుంది. మా పిల్లలకీ ఇవే పెడతాను" అంది సుబ్బులు.

తాయారు ఆలోచనలో పడింది. సుబ్బులు అబద్ధం చెప్పే పిట్ట కాదు. మరి పంది పడిన అవస్థ కూడా అబద్ధం కాదు. "వదిన నాలుక వేరు, పంది నాలుక వేరు. నాది ఎవరి జట్టో చూడాలి" అనుకుంది.

ఒక గడ్డిపోచ తెంపి, దాని కొసను పంది కొరికి వదిలిన ముక్కకు ఆనించింది. ఆ కొసను నాలుక చివర తాకించి, కళ్ళు మూసుకుంది. ముందు పండిన జామపండు వాసన వచ్చింది. తర్వాత చిన్న తీపి. ఆ తీపి వెనకాలే నిప్పురవ్వ పడ్డట్టు మంట లేచింది. తాయారు చెవులు రెండూ నిటారుగా నిలబడ్డాయి. ముక్కు కారింది. కాసేపటికి మంట దిగిపోయింది.

"అమ్మా, బాగుందా?" అని పిల్లలు అడిగారు.

"బాగుంది. కానీ మీరు ముట్టుకోకూడదు" అంది తాయారు ముక్కు తుడుచుకుంటూ.

ఇదంతా వీరభద్రం అనే ఎలుగుబంటి చెట్టు చాటు నుంచి చూస్తున్నాడు. అతని చంకలో పెద్ద తేనెపట్టు ఉంది. వానాకాలానికి దాచుకోవడానికి తీసుకెళ్తున్నాడు. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమే తాయారూ, గడ్డిపోచతో రుచి చూడటం ఎక్కడైనా ఉందా? గుప్పెడంత లేని పిట్ట పండుకి పండే మింగింది. నా నాలుక మీద కుట్టని తేనెటీగ ఈ అడవిలో లేదు. నన్నేం చేస్తాయి ఇవి?"

"మామా, అవి గింజలకి కావాలి. నా పిల్లలు బతికేది వాటి మీదే. అంతగా చూడాలనుంటే ఈ గడ్డిపోచ తీసుకో" అంది తాయారు.

"గడ్డి మేసే జాతా మాది?" అంటూ వీరభద్రం తేనెపట్టు కింద పెట్టాడు. మిగిలిన ఆరు పళ్ళలో ఐదింటిని ఒక్క గుప్పిట్లో దూసి, నోట్లో వేసుకుని కరకరా నమిలాడు. ఒకటి మాత్రం ఆకుల చాటున మిగిలింది.

తాయారుకి ఏడుపొచ్చింది.

"ఇంతేనా?" అన్నాడు వీరభద్రం నిర్లక్ష్యంగా.

రెండోసారి అనబోయాడు కానీ మాట రాలేదు. నాలుక బయటికి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకుందామని, పళ్ళు నలిపిన పంజాతోనే కళ్ళు రుద్దుకున్నాడు. ఇక చూడాలి అతని గంతులు. వాగులో పడి కడుపు నిండా నీళ్ళు తాగాడు. నోటి మంట నీళ్ళతో పాటు గొంతులోకి కూడా పాకింది.

తాయారుకి కోపం ఉంది, జాలీ ఉంది. చివరికి జాలే గెలిచింది. "నీళ్ళు ఆపు మామా, ఈ తేనె నాకెయ్యి" అని అరిచి, తేనెపట్టును వాగు ఒడ్డుకు ఈడ్చుకుపోయింది. వీరభద్రం ఏడుస్తూనే దాన్నంతా నాకేశాడు. వానాకాలానికి చుక్క కూడా మిగల్లేదు. వాచిన కళ్ళతో మూడు రోజులు తాయారు బొరియ ముందే కూలబడి ఉన్నాడు.

"రుచి ఎలా ఉంది మామా?" అని తాయారు నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

వీరభద్రం నాలుకను పెదాల మీద తిప్పి చూసుకున్నాడు. "తెలియలేదమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ.

మిగిలిన ఒక్క పండును తాయారు కాళ్ళతో ముట్టుకోకుండా పుల్లతో చీల్చింది. అందులో ఇరవై రెండు గింజలున్నాయి. తొలకరి పడగానే బొరియ చుట్టూ నాటింది. పందొమ్మిది మొలిచాయి. వీరభద్రం అడక్కుండానే వాగు నుంచి నీళ్ళు మోసుకొచ్చి పోసేవాడు.

ఆ చలికాలం పందుల మంద వచ్చింది. ముందున్న పంది ఒక పండు కొరికి గీపెట్టగానే మందంతా వెనక్కి తిరిగింది. నలుగురు పిల్లలూ నిద్రలోంచి లేవనైనా లేవలేదు.

మర్నాడు పొద్దున్నే వీరభద్రం వచ్చాడు. ఎర్రటి పళ్ళ ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి, తనే ఒక గడ్డిపోచ తెంపాడు. కొసను పండుకు గుచ్చి, నాలుక చివర తాకించి, కళ్ళు మూసుకున్నాడు.

"తాయారూ, ఇందులో జామపండు వాసన ఉందే" అన్నాడు.

నీతి: గొప్ప కోసం మింగినవాడికి మంటే మిగులుతుంది, తెలుసుకోవాలని కొంచెం చవిచూసినవాడికే రుచి తెలుస్తుంది.