ఇద్దరు ఏడుకొండలు, ఒక రిపోర్టు

అమలాపురంలో లక్ష్మణస్వామి మాస్టారి వ్యాయామశాలకు వెళ్ళినవాళ్ళెవరూ ఆయన దగ్గర వెంటనే జవాబు పొందిన పాపాన పోలేదు. అడిగినది వినేవారు, తల ఊపేవారు, చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేవారు. జవాబు వారానికో నెలకో, ఏదో ఒక దారిన వచ్చేది.

ఆయన శిష్యుల్లో గుత్తుల ఏడుకొండలు అనే ఇరవయ్యారేళ్ళ కుర్రవాడు ఉండేవాడు. కరెంటు సామాన్ల కొట్లో ఉద్యోగం. అందరూ కొండలు అని పిలిచేవారు. డిసెంబరులో జిల్లా బాడీ బిల్డింగ్ పోటీలున్నాయి. కొండలుకు మాత్రం రెండు నెలలుగా ఒళ్ళు మొరాయిస్తోంది. నూట పదిహేను కిలోలు ఛాతీ మీద నుంచి లేవనంటున్నాయి. రక్తపరీక్ష చేయిస్తే, కండ పెంచే హార్మోను టెస్టోస్టెరాన్ నాలుగు వందల పది అని వచ్చింది. అంతకు ముందు ఆ అంకె సంగతే ఎరగనివాడు, ఆ రోజు నుంచి దాన్ని తప్ప మరొకటి తలచలేదు. అశ్వగంధ అనే పెన్నేరుగడ్డ పొడి, పల్లేరుకాయల కషాయం, శిలాజిత్తు, ఎవరు ఏది చెబితే అది మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం మాస్టారి దగ్గర నిలబడి అడిగాడు.

"మాస్టారూ, ఈ మూలికలు నిజంగా పనిచేస్తాయాండీ?"

మాస్టారు డంబెల్స్ తుడుస్తున్నారు.

"మూడు నెలలయింది. రేపు మళ్ళీ రక్తం ఇస్తున్నానండి. అంకె పెరక్కపోతే ఇక హార్మోను ఇంజెక్షన్లే. వేసేవాడొకడు దొరికాడు."

తుడుస్తున్న గుడ్డ ఒక్క క్షణం ఆగింది. "రిపోర్టు రానీ," అన్నారు మాస్టారు. అంతే.

రిపోర్టు వచ్చింది. ఆరు వందల నలభై!

కొండలు కాజాలు కొని వ్యాయామశాలంతా పంచాడు. ఆ ఆదివారం నూట పదిహేను ఎత్తాడు. అక్కడితో ఆగక, నూట ఇరవై వేయించుకుని దాన్నీ ఎత్తాడు. ఇంటిదగ్గర అతని భార్య మంగతాయారు, "ఈమధ్య నిద్దట్లో పళ్ళు కొరకడం మానేశారు," అని సంతోషపడింది. ఇంజెక్షన్ల మాట అతనికి గుర్తు కూడా రాలేదు.

పది రోజుల తర్వాత లేబొరేటరీ నుంచి ఫోను వచ్చింది. పొరపాటయిందన్నారు. గుబ్బల ఏడుకొండలు అని ఇంకొకాయన ఉన్నాడట. కూతురు బలవంతపెడితే పరీక్షలన్నీ చేయించుకున్నాడట. రెండింటి మీదా జి. ఏడుకొండలు అనే ఉండడంతో కాగితాలు తారుమారయ్యాయి. కొండలు అసలు అంకె నాలుగు వందల ఐదు.

కొండలు బెంచీ మీద కూలబడ్డాడు. "ఉన్నదాంట్లో ఐదు పోయిందండీ, మాస్టారూ. ఇక ఇంజెక్షనే గతి."

"నీ కాగితం ఆయన దగ్గరుందిగా? ముందు అది తెచ్చుకుందాం పద," అని మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

ఆ రెండో ఏడుకొండలు కొబ్బరికాయలు దింపే మనిషి. వీళ్ళు వెళ్ళేసరికి చెట్టు మీద ఉన్నాడు. దిగివచ్చాక చూస్తే యాభై అయిదేళ్ళ బక్కమనిషి, కొండలు భుజాల్లో సగం లేడు. వీళ్ళెవరో, ఎందుకొచ్చారో విని, తోట పాకలో చూరులో దోపిన కాగితం తెచ్చి ఇచ్చాడు. కొండలు తెచ్చిన తన కాగితం అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు చదువు రాదండి. ఇందులో ఏదో అంకె గొప్పగా ఉందన్నారు ఫోనులో. మంచిదేనాండీ?"

"చాలా మంచిది బాబాయ్," అన్నాడు కొండలు. "ఆ అంకె కోసం నేను మూడు నెలలుగా చెయ్యని పని లేదు."

"అయితే నా మోకాలినొప్పి తగ్గుద్దాండీ?"

"దానికీ దీనికీ సంబంధం లేదు బాబాయ్."

"మరెందుకండీ ఇది?" అన్నాడాయన. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ముందు మాస్టారు నవ్వారు, తర్వాత దింపు మనిషి నవ్వాడు, చివరికి కొండలుకూ నవ్వాగలేదు. ఆయన బొండాలు కొట్టి ఇస్తే తాగి బయల్దేరారు.

కాలవగట్టు మీద కొంతదూరం వచ్చాక మాస్టారు కొండలు బండి వెనక సీటు నుంచి అడిగారు.

"ఆ ఆదివారం నూట ఇరవై ఎత్తింది ఎవర్రా? నువ్వా, ఆయనా?"

కొండలు బండి ఆపేశాడు. ఆపైన ఫోను తీసి, ఇంజెక్షన్లవాడికి తను రావడం లేదని చెప్పాడు.

డిసెంబరు పోటీల్లో కొండలుకు మూడో స్థానం దక్కింది. ఒంటికి పూసుకున్న నూనె ఇంకా ఆరలేదు. మంగతాయారు మెడలో పతకం వేసుకుని ఫోటోలు దిగుతోంది. కొండలు మాస్టారి కాళ్ళకు దండం పెట్టి, పక్కన కూర్చున్నాడు. మనసులో బెంగ లేదు కానీ, ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

"పెన్నేరుగడ్డ పొడి ఇంకా తాగుతూనే ఉన్నానండి, మాస్టారూ. అది పనిచేసిందో లేదో నాకైతే తెలీదు. ఉంచమంటారా, మానమంటారా?"

"దేంట్లో కలుపుకుంటున్నావు?"

"రోజూ గ్లాసుడు గేదెపాలల్లోనండి."

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు.

"పాలు మాత్రం మానకు."