పల్లకీ దింపిన దాలయ్య

అనగా అనగా, కొండల్లో రోడ్లు లేని కాలం. కాళ్ళే బళ్ళయిన కాలం. ఆ కాలంలో దాలయ్య అనే బోయీ ఉండేవాడు. దొర పల్లకీ మోసేవాడు.

పల్లకీకి ఎనిమిది మంది బోయీలు. ముందు నలుగురు, వెనక నలుగురు. దాలయ్య వెనకవాడు. వెనక మోసేవాడికి దారి కనపడదు. ఎదురుగా పల్లకీ చెక్క, కింద తన కాళ్ళు, అంతే. ముందువాళ్ళు "ఓహోం" అంటే తనూ "ఓహోం" అనాలి. వాళ్ళు కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. అలా ఇరవై ఏళ్ళు నడిచాడు దాలయ్య. భుజం మీద చర్మం కొబ్బరిచిప్పలా గట్టిపడిపోయింది.

ఇంటికి రాగానే పెళ్ళాం నూకాలు కాళ్ళ మీద వేడినీళ్ళు పోసేది.

"ఎక్కడికెల్లొచ్చావు మావా?"

"పల్లకీ ఎక్కడికెల్తే అక్కడికే."

నూకాలు నవ్వేది. దాలయ్యా నవ్వేవాడు.

ఒకరోజు నూకాలు నీళ్ళు పొయ్యలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న ఎక్కడికెల్లావు మావా?"

"పల్లకీ ఎక్కడికెల్తే..."

"ఊటగెడ్డకెల్లింది నీ పల్లకీ. మా అన్న ఊరికి. దొరకి వేటాడ్డానికి అడివి చాల్లేదంట. ఊరు ఖాళీ చెయ్యమన్నాడు. చెయ్యనన్నోళ్ళ ఇళ్ళకి నిప్పెట్టించాడు. మా అన్న ఇల్లు బూడిదైపోయింది. పల్లకీలో కూచుని చూశాడంట దొర. ఆ పల్లకీ నీ భుజమ్మీదుంది."

దాలయ్య గుమ్మం ముందే చతికిలబడ్డాడు. పొగ వాసన వచ్చిన మాట నిజమే. ఏడుపులు వినపడిన మాటా నిజమే. తను తలెత్తలేదు. అది ఏడాదికోసారి అత్తారింటికి నడిచిన దారే. పల్లకీ కింద దూరితే ఆ దారిని కూడా గుర్తుపట్టలేకపోయాడు.

"నాకు తెలీదే నూకాలూ," అన్నాడు చివరికి.

"తెలీదా? ఆ కాళ్ళు నీవి కావా?"

ఆ రోజు దాలయ్య కూడు ముట్టలేదు. అరుగు మీద కూర్చుని తన కాళ్ళకేసే చూసుకున్నాడు. పగుళ్ళు, ముళ్ళు దిగిన మచ్చలు. ఇన్నేళ్ళు ఇన్ని కొండలెక్కిన కాళ్ళని ఒక్కనాడైనా ఎక్కడికి పోతున్నాయని అడగలేదు. "ఇకమీద అడుగుతాను," అనుకున్నాడు. "అడక్కుండా ఎత్తను."

మర్నాడు పల్లకీ సిద్ధమైంది. ఏడుగురు వంగారు. దాలయ్య వంగలేదు.

"ఎక్కడికి దొరా?" అన్నాడు.

అలాంటి మాట ఆ వాకిట్లో అంతకు ముందెప్పుడూ ఎవరూ అనలేదు. దొర కొరడా పట్టుకున్నవాడికేసి చూశాడంతే. పది దెబ్బలు పడ్డాయి. దాలయ్య ఎత్తలేదు.

మూడు రోజులాగి మళ్ళీ పిలిచారు. మళ్ళీ అదే మాట, "ఎక్కడికి దొరా?" ఈసారి ఇరవై దెబ్బలు. ఇంటికి రావాల్సిన గింజలు కూడా ఆపేశారు.

ముందు నడిచే పెద్ద బోయీ ముత్యాలు పక్కకి పిలిచి చీవాట్లు పెట్టాడు. "ఏటి పట్టిందిరా నీకు? ఎక్కడికో దొరకి తెలుసు. చాల్దా?"

"దొర కాళ్ళకైతే చాలును. ఇయ్యి నా కాళ్ళు," అన్నాడు దాలయ్య.

దాలయ్య ఎత్తుకి సరిపడే భుజం ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. కొత్తవాణ్ణి పెడితే పల్లకీ ఒరిగిపోయి దొర తల ఠంగుమని చెక్కకి కొట్టుకుంది. దాంతో మూడోసారి దొరే దిగొచ్చాడు. "పెళ్ళికెళ్తున్నాంరా. సరేనా?" అన్నాడు.

"సరే దొరా. అయితే నేను ముందు మోస్తాను."

పాపం, ఇరవై ఏళ్ళలో మొదటిసారి దాలయ్య దారి చూస్తూ నడిచాడు. గెడ్డలో నీళ్ళు చూశాడు, చింతలు చూశాడు, ఎగిరే చిలకల్ని చూశాడు. ఓహోం, ఓహోం. కనుమ ఎక్కారు. పైన దారి రెండుగా చీలింది. ఎడమ దారి పెళ్ళివారి ఊరికి. కుడి దారి కొండ మీది గూడేనికి. కుడి దారిలో దొర మనుషులు కాగడాలు పట్టుకుని కాచుకునున్నారు.

దాలయ్య ఆగాడు. పల్లకీ దింపాడు. ముందు కొమ్ము కిందికి వాలితే వెనకవాళ్ళూ దింపక తప్పలేదు.

దొర తెర తీశాడు. "ఎందుకు దింపావురా?"

"ఎక్కడికి దొరా?"

"పెళ్ళికని చెప్పానుగా!"

"పెళ్ళి ఎడమకి. కాగడాలు కుడికున్నాయి."

"ఉంటే? ఎత్తు."

"ఎత్తను."

దుడ్డుకర్ర లేచింది. ఒక దెబ్బ. "ఎత్తుతావా?" "ఎత్తను." రెండో దెబ్బ. "ఎత్తుతావా?" "ఎత్తను." మూడో దెబ్బకి మోకాలు విరిగింది. నేల మీద పడి, నోట్లో మట్టితోనే "ఎత్తను" అన్నాడు.

"వీణ్ణి ఇక్కడే వదిలెయ్యండి. మీరు ఏడుగురూ ఎత్తండి," అన్నాడు దొర.

ముత్యాలు దాలయ్య మోకాలు చూశాడు. తలపాగా విప్పి ఆ మోకాలికి చుట్టాడు. చుట్టి, లేవకుండానే అడిగాడు.

"ఎక్కడికి దొరా?"

ఆ తర్వాత రెండోవాడు అడిగాడు. మూడోవాడు అడిగాడు. ఏడుగురూ అడిగి, ఏడుగురూ దాలయ్య పక్కన కూర్చున్నారు.

దొరకి ఒళ్ళు మండింది. నడిచే వెళ్తానని దిగాడు. ఇరవై అడుగులు నడిచాడు. పుట్టి బుద్ధెరిగి రాళ్ళ మీద కాలు మోపినవాడు కాదు, పాదాలు బొబ్బలెక్కాయి. ఒక బండ మీద కూలబడ్డాడు. దొర ఎదురుగా లేందే నిప్పు పెట్టే అలవాటు లేదు, కాగడాలు చేతుల్లోనే ఆరిపోయాయి. ఆ గూడెం ఆ రోజు కాలలేదు. ఆ తర్వాతా కాలలేదు. దొరని అక్కడిదాకా మోసేవాడు మళ్ళీ దొరకలేదు.

దాలయ్యని మంచం మీద ఇంటికి చేర్చారు. నూకాలు వేడినీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది. 

"ఎక్కడికెల్లొచ్చావు మావా?"

"ఎల్లకుండా వచ్చానే," అన్నాడు దాలయ్య.

ఆ కాలు మళ్ళీ నిలబడలేదు. దాలయ్య, నూకాలు ఆ కనుమ మీదే పాక వేసుకున్నారు. బరువులెత్తుకుని వచ్చేవాళ్ళకి నూకాలు గంజి పోసేది. దాలయ్య మూడు మాటలడిగేవాడు. "ఎక్కడికి? ఎందుకు? ఎవరు చెబితే?" కొందరు విసుక్కున్నారు. కొందరు తిట్టారు. తమ్ముణ్ణి పొడవడానికి కత్తి పట్టుకుని బయల్దేరిన ఒకడు మూడో మాటకి జవాబు దొరక్క, గంజి తాగి వెనక్కెళ్ళిపోయాడు.

దాలయ్య అక్కడే పోయాడు. అక్కడే మట్టి చేశారు. ఆ చోటికి దాలయ్య దింపు అని పేరు. ఇప్పటికీ తల మీద మోపుతో వెళ్ళేవాళ్ళు అక్కడ బరువు దింపి, ఆ మూడు మాటలూ తమని తామే అడిగి, మళ్ళీ ఎత్తుకుంటారు.

ఆ వైపు పెళ్ళిళ్ళలో ఇంకో ఆచారం ఉంది. పెళ్ళికూతురు పల్లకీ ఎక్కాక బోయీలు "ఎక్కడికమ్మా? ఎందుకమ్మా? ఎవరు చెబితేనమ్మా?" అని అడగాలి. పిల్ల తన నోటితో చెప్పాలి. తండ్రి చెబితే చెల్లదు, మేనమామ చెబితే చెల్లదు. ఒకసారి ఒక పిల్ల మూడో మాటకి ఏడ్చిందట. బోయీలు పల్లకీ ఎత్తలేదు. మేళాలు ఆగిపోయాయి, పెద్దలు చిందులు తొక్కారు, పిల్ల దిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పల్లకీలు లేవు, కార్లొచ్చాయి. అయినా ఆ కనుమ కింద ఊళ్ళలో డ్రైవరు అడక్కుండా బండి తియ్యడు. వెనక్కి తిరిగి పిల్ల మొహం చూస్తూ అడుగుతాడు. ముహూర్తం దాటిపోతోందని ఎవరైనా అరిస్తే, దాటిపోనివ్వండి, పిల్లని చెప్పనివ్వండి అంటాడు.