తొమ్మిది రాళ్ల వాగు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది, పిల్లలూ. వాగు అవతల లేతగడ్డి, తియ్యటి దుంపలు. మధ్యలో తొమ్మిది రాళ్లు. పిల్ల జంతువులకు వాగు దాటడం నేర్పేది గంగులమ్మ అనే ముసలి కొండగొర్రె.

"ఒకటి, మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది! మిగతావి తొక్కకండి" అని పాటలా వల్లె వేయించేది.

దుప్పి పిల్ల చెంగలి, కుందేలు పిల్ల దూదమ్మ ఒక్క పూటలో అప్పజెప్పేశారు. ముళ్లపంది పిల్ల ముల్లమ్మకు మాత్రం రాలేదు. మొదటిరోజు నాలుగు మరిచిపోయింది. రెండోరోజు ఆరు మరిచిపోయింది. మూడోరోజు నోరు తెరిచి ఏడ్చేసింది.

"దీని బుర్రకెక్కదవ్వా!" అని నవ్వింది చెంగలి.

గంగులమ్మకూ విసుగొచ్చింది. 'ఇక రావద్దు' అనబోయింది. కానీ ముళ్లన్నీ ముడుచుకుని కూర్చున్న ఆ పిల్లను చూస్తే మనసు ఒప్పలేదు. వెళ్లి పక్కన కూర్చుంది.

"ఏడవకే తల్లీ. నీకు బాగా వచ్చిన పని ఏదో చెప్పు."

"దుంపలు తవ్వడం."

"ఎక్కడ తవ్వాలో ఎలా తెలుస్తుంది?"

"కాలితో నొక్కి చూస్తానవ్వా. గట్టి నేలో, గుల్ల నేలో కాలికే తెలిసిపోతుంది."

"రాయీ అంతేనే! ముందు కాలితో నొక్కు. కదిలిందా, కింద ఇసుక కోసుకుపోయినట్టు. పాచి ఉందా, జారుతుంది. రెండూ తొక్కకు."

ముల్లమ్మ కళ్లు తుడుచుకుంది. "రెండో రాయి వద్దన్నది పాచి పట్టిందనా?"

"అందుకే!"

ఆ రోజే ముల్లమ్మ వాగు దాటింది.

కొన్నాళ్లకు ముగ్గురూ అవతలి గట్టున మేస్తుంటే కొండమీద వాన పడింది. వాగు పొంగి, కాస్త తగ్గింది. మళ్లీ మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఇవతలి గట్టునుంచి గంగులమ్మ "రండి, రండి!" అని కేకలేసింది.

చెంగలి ముందు దూకింది. "తొమ్మిది, ఆరు..." ఆరో రాయి దొర్లింది. చెంగలి పీకలోతు నీళ్లలో పడి, ఒక బండను పట్టుకుని వేలాడింది. దూదమ్మ గట్టుమీదే ఆగిపోయింది.

ముల్లమ్మ ఒక్కో రాయినీ కాలితో నొక్కుకుంటూ వచ్చింది. చెంగలిని పైకి లాగింది.

"లెక్క వదిలెయ్ చెంగలీ! దూదమ్మా, నువ్వూ రా! నేను తొక్కిన రాయే తొక్కండి."

ముగ్గురూ గట్టెక్కారు. వెనకాలే వాగు మళ్లీ పొంగింది.

"నేను తప్పు లేకుండా చెప్పాను కదవ్వా! మరెందుకు పడ్డాను?" అని వెక్కింది చెంగలి.

గంగులమ్మ దాని తడిసిన ఒళ్లు నాకుతూ అంది: "నీ తప్పు కాదు తల్లీ. నీకు లెక్క చెప్పాను. ఎందుకో చెప్పలేదు. తప్పు నాది."

నీతి: వల్లె వేసిన పాఠం దారి మారితే ఆగిపోతుంది; తెలిసినదానితో ముడివేసి అర్థం చేసుకున్న పాఠం కొత్త దారి చూపిస్తుంది.