బావిలోకి దించిన లాంతరు

ఓబులయ్యస్వామి మఠంలో చేరినవారికి మొదటి ఆరు నెలలూ బోధ ఉండదు. పారలకు పిడి బిగించడం, తాళ్లు ఎండబెట్టడం, గిన్నెలు తోమడం, అంతే. చెన్నకేశవులు బాగా చదువుకున్నవాడు, అంటే ఓపిక లేనివాడు. నాలుగో నెలలోనే అడిగేశాడు.

“స్వామీ, సత్యం తెలుసుకుందామని వచ్చినాను. నాకీ సామాన్ల సేవ ఎందుకు?”

స్వామి కోప్పడలేదు. మఠానికి రాకముందు ఆయన బావుల పని చేసేవాడు. ఆనాటి సంగతి ఒకటి చెప్పాడు.

ఆయనా, బావమరిది ఎర్రన్నా పాడుబావుల్లో పూడిక తీసేవారు. అలాంటి బావుల్లో గాలి చెడిపోయి ఉంటుంది. పైకి ఏమీ తెలియదు, దిగినవాడు మళ్లీ రాడు. అందుకని ముందుగా వెలిగించిన లాంతరును తాడుకు కట్టి దించుతారు. వెలుగుతుంటే దిగవచ్చు, ఆరిపోతే దిగకూడదు. బావులవాళ్లకు అంతకు మించిన శాస్త్రం లేదు.

లాంతరు చూసుకోవడం ఓబులయ్య వంతు. ఆ చూసుకోవడం అంతంత మాత్రమే. సగం రోజులు కిరసనాయిలు లేకే ఆరిపోయేది. ఇద్దరూ నవ్వుకుని, పైకి లాగి, నూనె పోసి మళ్లీ దించేవారు.

ఒక వేసవిలో, ఊరికి రెండు మైళ్ల దూరాన ఉన్న చేని బావిలో లాంతరు సగం లోతుకే ఆరిపోయింది. ఎర్రన్న విసుక్కున్నాడు.

“మళ్లా నూనె పొయ్యలేదా బావా? నీతో ఎప్పుడూ ఇదే కత. ఎండెక్కుతాంది, నేను దిగుతా.”

పోశాడో లేదో ఓబులయ్యకే గుర్తులేదు. నూనె కోసం ఊరికి రెండు మైళ్లు నడవాలంటే బద్ధకం. ఊ అన్నాడు. లాంతరును పైకి లాగి చూడనైనా లేదు.

ఎర్రన్న తాడు పట్టుకుని దిగాడు. ఒకసారి దగ్గు వినిపించింది. ఆపైన తాడు తేలికైపోయింది. శవాన్ని పైకి తెచ్చేసరికి సాయంత్రమైంది. ఓబులయ్య భార్య తమ్ముడి పక్కన కూర్చుని ఏడ్చింది. ఆమె మళ్లీ ఏనాడూ భర్తతో మాట్లాడలేదు.

అంతా విని చెన్నకేశవులు అన్నాడు. “చారెడు నూనె లేక నిండు ప్రాణం పోయిందన్నమాట.”

స్వామి తల అడ్డంగా ఊపాడు.

“తర్వాత పైకి లాగి చూస్తే నూనె నిండుగానే ఉండె నాయనా. ఆ పొద్దు లాంతరు సత్యమే చెప్పింది. మేమే నూనె లేదనుకొంటిమి.”