చెవిలో ఇలకోడి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వేసవి రోజు, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు, గోరింట అనే కుందేలు ముంగాలితో ఎడమ చెవి దువ్వుకుంటోంది.

అడవిలో గడియారం లేదు. అయినా వేళ తెలుస్తుంది. కొండ అవతల మనుషుల రాళ్ల క్వారీ ఉంది. రోజూ పన్నెండుకు అక్కడ సైరన్ కూస్తుంది. ఎర్ర జెండా లేస్తుంది. కాసేపటికి కొండ పేలుతుంది. సైరన్ వినగానే జంతువులన్నీ లోయలోకి దిగిపోతాయి. పేలుడు అయ్యాక పైకి వస్తాయి. ఇది తాతల నాటి ఆచారం కాదు. క్వారీ వచ్చాక నేర్చుకున్నది.

ఆ రోజు గోరింట లోయకు దిగలేదు. తలెత్తి చెట్టు మీదికి చూసింది. అక్కడ మసిమూతి అనే కొండముచ్చు తోక వేలాడేసుకుని కూర్చుంది.

"బావా, జెండా లేచాక అక్కడ ఏం జరుగుతుందో ఎప్పుడైనా చూశావా?"

"చూసేదేముందే? రాయి పగులుతుంది."

"రాయి తనంతట తాను ఎలా పగులుతుంది?"

మసిమూతి గడ్డం గోక్కుంది. ఆ సంగతి దానికీ తెలియదు. తెలియదని చెప్పే అలవాటు దానికి లేదు.

"పద, చూపిస్తాను" అంది.

రెండూ కొండ అంచుకు వెళ్లాయి. గోరింట ఒక బండ చాటున నక్కింది. మసిమూతి పక్కనే ఉన్న చెట్టెక్కింది. జెండా లేచింది. మనుషులు పరుగెత్తి దూరంగా వెళ్లిపోయారు. "అరె, వాళ్లెందుకు పారిపోతున్నారు?" అని గోరింట అనబోయింది. మాట పూర్తి కాలేదు.

తల మీద ఏనుగు కాలు మోపినట్టయింది. తర్వాత దుమ్ము వచ్చింది. దుమ్ము తర్వాత నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దంలోంచి సన్నగా ఒక కూత మొదలైంది. ఈఁ... అని, ఆగకుండా.

"బావా, నీకు వినిపిస్తోందా?" అని అడిగింది గోరింట. తన గొంతే తనకు గుంత అడుగు నుంచి వచ్చినట్టుంది.

"ఏమిటి?"

"ఇలకోడి. ఆ కీచురాయి నా చెవిలో దూరినట్టుంది."

మసిమూతి తల విదిలించింది. చెవిలో వేలు పెట్టి తిప్పింది. "నాకేం వినిపించడం లేదు! నాకేం కాలేదు!" అని గట్టిగా అరిచింది. అంత గట్టిగా అరవాల్సిన పని లేదు. గోరింట ఆ చెట్టు పక్కనే ఉంది.

ఇంటికొచ్చాక గోరింట తల వంచి, చెవి నేలకు ఆనించి, ఒక చీమను పిలిచింది. "చీమమ్మా, లోపలికెళ్లి ఆ ఇలకోడిని బయటికి పంపించవూ?"

చీమ వెళ్లింది. దాని అడుగులు దున్నపోతుల మందలా వినిపించాయి. గోరింట పళ్లు బిగించి ఓర్చుకుంది. చీమ బయటికొచ్చి మీసాలు తుడుచుకుంది.

"అక్కడెవరూ లేరమ్మా. గదంతా ఖాళీ."

"మరి కూస్తున్నదెవరు?"

"నాకేం కూత వినపడలేదే" అని చీమ తన దారిన పోయింది.

ఇప్పుడు గోరింట పని గురించి చెప్పాలి. వేసవిలో ఆ అడవికి మిగిలేది ఒక్కటే మడుగు. నీళ్లు తాగాలంటే తల వంచాలి. తల వంచితే వెనక నుంచి వచ్చేది కనిపించదు. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉంది. సాయంత్రం అందరూ తాగే వేళ కొండముచ్చు మద్దిచెట్టు మీద కంటికాపు కాస్తుంది. కుందేలు మడుగు పక్క రాతి మీద చెవికాపు కాస్తుంది. గడ్డిలో నక్కి వచ్చేది కంటికి ఆనదు. దాన్ని చెవే పట్టాలి. కుందేలు వెనక కాలితో ఒకసారి నేలను కొడితే ఆగమని. రెండుసార్లు కొడితే పారిపొమ్మని. కొట్టకపోతే తాగమని. కొట్టకపోవడం కూడా మాటే.

ఆ సాయంత్రం గోరింట మామూలుగానే రాతి మీద కూర్చుంది. దుప్పులు తలలు వంచాయి. ఎక్కడో ఒక ఎండిన టేకాకు రాలింది. గోరింటకు అది కొండ విరిగినట్టు వినిపించింది. టక్ టక్ మని కొట్టింది. అందరూ పరుగు తీశారు. వెనక ఎవరూ రాలేదు.

"టేకాకు!" అని మసిమూతి కొమ్మ మీద దొర్లి దొర్లి నవ్వింది. "ఆకును చూపించి అడవినంతా పరుగెత్తించింది మా మరదలు!"

పిల్లలు ఆ పూట గుక్కెడు నీళ్లు లేకుండానే పడుకున్నాయి.

మర్నాడు సాయంత్రం ఒక ముంగిస నీళ్లు చప్పరిస్తూ తాగింది. గోరింటకు అది చిరుతపులి గురగురలా తోచింది. మళ్లీ టక్ టక్. మళ్లీ పరుగు. మళ్లీ ఎవరూ రాలేదు.

"అమ్మా గోరింటా" అంది అడవిపంది, "నీ కాలికి పట్టిన జబ్బేమిటో గానీ, మా నాలుకలు ఎండి అట్టలైపోతున్నాయి."

గోరింట పొదలోకి వెళ్లి ఆలోచించింది. ఇదివరకు తెలిసిన శబ్దాలన్నీ ఇప్పుడు వేషాలు వేసుకుని వస్తున్నాయి. నెమలి కూస్తే రెండు నెమళ్లు కూసినట్టుంది, అందులో ఒకదానికి జలుబు చేసినట్టుంది. ఎందుకిలా? ఎవరినైనా అడగవచ్చు. అడిగితే చెవి పాడైందని తెలిసిపోతుంది. తెలిస్తే రాయి దిగమంటారు. దాని అమ్మ కూర్చున్న రాయి అది. అమ్మమ్మ కూర్చున్న రాయి.

బూరుగు కాయలు పగిలి దూది నేల మీద పడి ఉంది. గోరింట ఆ దూదిని రెండు చెవుల్లో కుక్కుకుంది. హాయిగా అనిపించింది. ఆ రాత్రంతా, మర్నాడు పగలంతా అలాగే ఉంది. సాయంత్రం కాపుకు వెళ్తూ దూది తీసింది. తీయగానే ఈగ రెక్కల చప్పుడు కూడా ముల్లులా గుచ్చుకుంది.

రాతి మీద కూర్చుంది. దుప్పులు తలలు వంచాయి. గడ్డిలో ఏదో వినిపించింది. చింతగింజలు బండ మీద పోసినట్టు, గలగలమని.

'ఇదీ ఆకే అయి ఉంటుంది' అనుకుంది గోరింట. 'మళ్లీ కొడితే మళ్లీ నవ్వుతారు.'

కొట్టలేదు.

గడ్డిలోంచి రేచుకుక్కలు దూకాయి. అందరికంటే వెనక ఉన్నది చుక్కమ్మ అనే తల్లిదుప్పి కూన. ఒక కుక్క దాని తొడ పట్టుకుంది. అడవిపంది కోరలు దించి అడ్డం రాకపోతే ఆ కూన బతికేది కాదు. బతికింది. కాలు మాత్రం చీరుకుపోయింది.

అందరూ ఎత్తుగడ్డ మీద చేరారు. చుక్కమ్మ తన కూన కాలు నాకుతోంది.

"నిద్రపోయావా?" అని మసిమూతి గోరింటను అడిగింది.

అవునంటే సరిపోతుంది. నిద్రపోయిన కాపరికి తిట్లు పడతాయి, పని మాత్రం పోదు. అది గోరింటకు బాగా తెలుసు. నోరు తెరిచింది. కూన కాలు కనిపించింది.

"నిద్రపోలేదు" అంది. "విన్నాను. విన్నదేమిటో తెలియలేదు. పేలుడు నాటి నుంచి నా చెవులు ఉన్నది ఉన్నట్టు చెప్పడం లేదు. చిన్న చప్పుడు పెద్దగా వినిపిస్తోంది. ఒకటి ఇంకొకటిలా వినిపిస్తోంది. ఎవరూ లేకపోయినా ఇలకోడి కూస్తోంది."

మసిమూతి తన తోకలో పేలు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"మొదటి రోజే చెప్పి ఉంటే?" అంది చుక్కమ్మ.

"రాయి దిగమంటారని భయపడ్డాను అత్తా."

"ఇప్పుడు దిగు" అంది చుక్కమ్మ. గట్టిగా అనలేదు. అయినా అది గోరింటకు గట్టిగానే వినిపించింది.

మర్నాటి నుంచి అడవికోడి చెవికాపుకు కూర్చుంది.

గోరింట పొదలో ముడుచుకుని ఉండగా ముళ్లపంది తాత వచ్చాడు. ముళ్లపంది నడిస్తే ముళ్లు గలగలలాడాలి. తాత ముళ్లను ఒంటికి అదిమిపెట్టి, చప్పుడు కాకుండా నడిచి వచ్చాడు. గోరింట అది గమనించింది.

"నాకు చప్పుడు పడదని నీకెలా తెలుసు తాతా?"

"పోయినేడు నా బొరియ క్వారీ పక్కనే ఉండేది" అన్నాడు తాత. "నా ముళ్ల చప్పుడు నాకే పడక, వానాకాలమంతా లోపలే దాక్కున్నాను. అది నేను చేసిన తెలివితక్కువ పని. ఆ దూది తీసెయ్."

"తీస్తే నొప్పి."

"ఉంటుంది. చీకట్లో ఉండిపోయిన కంటికి మిణుగురు కూడా మంటే. పని లేకుండా కూర్చోబెట్టిన చెవికి చీమ కూడా ఏనుగే. సైరన్ కూసినప్పుడు దూది పెట్టుకుని లోయలోకి దిగు. మిగతా వేళ చెవి తెరిచి ఉంచు."

"అప్పుడు ఇలకోడి పోతుందా?"

"నాది పోలేదు" అన్నాడు తాత. "చిన్నదైంది. దానికి తోచినప్పుడు అది పాడుకుంటుంది. నాకు తోచినప్పుడు నేను వింటాను."

మడుగుకు ఎగువన ఒక ఊటబండ ఉంది. రాతి సందులోంచి నీళ్లు సన్నగా జారుతుంటాయి. నాలుక తడవడానికి కూడా చాలవు. వినడానికి చాలు. తాత గోరింటను తెల్లవారగానే అక్కడికి తీసుకెళ్లాడు. చప్పుడు నొప్పించనంత దూరంలో కూర్చోబెట్టాడు. రోజూ ఒక గెంతు ముందుకు జరగమన్నాడు. నొప్పి పెడితే ఒక గెంతు వెనక్కి రమ్మన్నాడు. గోరింట కొన్నిసార్లు ముందుకు జరిగింది, కొన్నిసార్లు వెనక్కి వచ్చింది. ఊట చప్పుడులో ఇలకోడి కాస్త మునిగినట్టుండేది.

"ఇక మూడో సంగతి" అన్నాడు తాత. "ఏ శబ్దం వినిపించినా వెళ్లి చూడు. కంటితో చూస్తూ చెవితో విను. పాత చుట్టాలతో కొత్తగా పరిచయం చేసుకున్నట్టు."

చూడమంటే గోరింటకు అంతకంటే ఏం కావాలి? కాకి ఎదురుగా కూర్చుని, "మామా, ఒకసారి కావుమను" అంది. టేకాకును తనే కాలితో తోసి విన్నది. "ఓహో, ఆ కొండ విరిగిన చప్పుడు నీదా!" అని దాన్ని పలకరించింది. ముంగిస నీళ్లు తాగుతుంటే దాని మూతి దగ్గర మూతి పెట్టి చూసింది.

"ఏమిటే ఈ పిచ్చి? ప్రశాంతంగా నీళ్లు తాగనివ్వవా?" అంది ముంగిస.

"నువ్వు చిరుతపులిలా తాగుతున్నావు పిన్నీ."

ముంగిసకు ఆ మాట నచ్చింది. ఇంకా చప్పుడు చేస్తూ తాగింది.

కాలు కాస్త మానాక చుక్కమ్మ కూన కూడా వచ్చింది. "అక్కా, నువ్వు కళ్లు మూసుకో. నేను గడ్డిలో నడుస్తాను. ఎటు వెళ్తున్నానో చెప్పు."

గోరింట మొదట ప్రతిసారీ తప్పు చెప్పింది. కూన పకపకా నవ్వింది. తర్వాత కొన్ని ఒప్పులు పడ్డాయి. కూన కుంటి అడుగు దానికి బాగా గుర్తుండిపోయింది. ఆ గుర్తు వెంట ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం గడ్డిలో విన్నది. చింతగింజలు పోసిన చప్పుడు. అంటే తన చెవికి రేచుకుక్కలు ఇక మీదట అలాగే వినిపిస్తాయన్నమాట.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అందరూ మడుగు దగ్గర తలలు వంచారు. రాతి మీద అడవికోడి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. గోరింట కింద, ఒడ్డున ఉంది. చెవిలో చింతగింజలు రాలాయి. చుట్టూ చూసింది. ఆ చుట్టుపక్కల చింతచెట్టు లేదు.

కాపు తనది కాదు. తప్పయితే మళ్లీ నవ్వుతారు. గోరింట నేలను ఒకసారి కొట్టింది. ఆగండి.

"మళ్లీ మొదలు" అని గొణిగింది అడవిపంది. అయినా తల ఎత్తింది.

"బావా!" అని గోరింట మద్దిచెట్టు మీదికి పిలిచింది. "గడ్డి గాలివాటుకే ఊగుతోందా, చూడు!"

మసిమూతి కదల్లేదు. గోరింట మళ్లీ పిలిచింది. మసిమూతి చెవికి చెయ్యి ఆనించి, "ఏమిటీ?" అంది. గోరింట ముంగాళ్లతో గడ్డి వైపు చూపించింది. అప్పుడు మసిమూతి నిలబడి చూసింది. గాలి తూర్పు నుంచి వస్తోంది. ఒక చోట గడ్డి మాత్రం తూర్పుకే వంగుతోంది.

"కుక్కలు!" అని అరిచింది మసిమూతి. గోరింట రెండుసార్లు కొట్టింది. అందరూ ఎత్తుగడ్డ ఎక్కేశారు. కుంటి కూన అందరికంటే ముందు ఎక్కింది. రేచుకుక్కలు వచ్చి ఖాళీ మడుగును చూసి వెళ్లిపోయాయి.

"రాతి మీదికి రా" అంది చుక్కమ్మ.

"వస్తాను అత్తా. కానీ నా చెవులు పాతవి కావు. అనుమానం వస్తే ఒకసారే కొడతాను. బావ చూసి చెప్పాకే రెండోసారి."

"తప్పు తేలితే?"

"ఒక గుక్క ఆలస్యంగా తాగుతారు."

"దాహంతో చావడం కంటే అదే నయం" అంది అడవిపంది.

అడవికోడి కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. గోరింట రాతి మీద కూర్చుంది. చెవిలో ఇలకోడి కూస్తూనే ఉంది. దాని దారిన దాన్ని కూయనిచ్చి, గడ్డి వైపు చెవి తిప్పింది.

మరి కొన్ని రోజులకు ఒక సంగతి తెలిసింది. చెప్పింది ముళ్లపంది తాత. పొద్దున్నే గోరింట ఊటబండ దగ్గర నుంచి లేచి వెళ్లాక, రోజూ ఇంకొకరు చాటుగా వచ్చి అదే చోట కూర్చుంటున్నారట. నల్లని మూతి, బారెడు తోక. పేలుడు నాటి నుంచి మసిమూతి చెవిలోనూ అదే ఇలకోడి కూస్తోంది.

నీతి: పైకి కనిపించని దెబ్బను నోరు తెరిచి చెప్పాలి, దాచుకున్న బాధకు తోడు దొరకదు.