చిల్లు కుండల చదరంగం

అమరగిరి రాజు అనంగభూపతికి చదరంగం చూడటమంటే ప్రాణం, చల్లారిన అన్నమంటే అసహ్యం. ఒక్కో ఆట మధ్యాహ్నం దాటిపోతుంటే ఈ రెండూ పొసగక, ఒకనాడు కొత్త చట్టం చేశాడు.

ఆడేవాళ్లిద్దరికీ చెరో చిల్లు కుండ. ఎవరి వంతు వస్తే వాళ్ల కుండ బిరడా తీస్తారు, ఎత్తు వేయగానే మూసేస్తారు. ఎవరి నీళ్లు ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు.

ఏలినవారి తెలివికి సభంతా తలలూపింది. ఊపక ఏం చేస్తుంది?

తీర్పరిగా కొలువులో ఉండే తిప్పనను కూర్చోబెట్టారు. ఆట ఎటూ తేలదనిపిస్తే 'సరి' అని ఆపే అధికారం అతనిది. ఇక ఓడిపోయే ప్రతివాడూ, కుండ అడుగంటగానే "ఆట సరి అనండి బాబూ" అని దేబిరించడమే. తిప్పన ఒక్కడికీ సరి ఇవ్వలేదు.

"నీళ్లు ఒలకబోసుకున్నది నువ్వు. దాహమని నాకు చెబుతావేం?" అనేవాడు.

అప్పుడొచ్చాడు భైరవభట్టు, మెడనిండా బిరుదులతో. ఆస్థాన చదరంగ గురువు పదవి తనకే కావాలన్నాడు. ఆ పదవిలో పేరిశాస్త్రి ఉన్నాడు. ముసలాయనకు చెయ్యి వణుకుతుంది గానీ బుర్ర వణకదు.

"ఇద్దరూ ఆడండి. గెలిచినవాడిదే పదవి, సరి అయితే పాతవాడే" అన్నాడు రాజు. ఓడితే పేరిశాస్త్రి పదవితోపాటు ఉన్న ఇల్లూ ఖాళీ చెయ్యాలి.

భట్టంటే తిప్పనకు పడదు. ఉగాది విందులో తన విస్తట్లో పడబోయిన ఆఖరి బొబ్బట్టును "ఇటు పెట్టవోయ్, ఆయనకి అరగదు" అని లాక్కున్న మహానుభావుడు ఈయనే. అది ఒక జన్మలో మరిచిపోయే సంగతా?

ఆట సాగీ సాగీ, పలక మీద ఇద్దరికీ రాజు, ఒక్కో ఏనుగు మిగిలాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యలేరు. కాకపోతే శాస్త్రి కుండలో గుక్కెడు నీళ్లున్నాయి, భట్టు కుండలో స్నానానికి సరిపడా ఉన్నాయి. భట్టు ఏనుగును ఇటు జరుపుతాడు, మళ్లీ అటు జరుపుతాడు, కండువా సర్దుకుంటాడు. ముసలాయన ఎత్తు వేసి, వణికే చేత్తో బిరడా పెట్టుకునేలోపు నాలుగు చుక్కలు కారిపోతాయి.

ఒక ఎత్తు వేసి శాస్త్రి తలెత్తాడు.

"తిప్పనా, ఇది సరి ఆట నాయనా. ఇప్పించు."

తిప్పన రెండు కుండలకూ బిరడాలు బిగించాడు.

"వీల్లేదు," అన్నాడు భట్టు. "ఇది నేను గెలిచే ఆట. పైగా ప్రభూ, ఈయనకు నామీద బొబ్బట్టు కక్ష ఉంది. ఈయన తీర్పు చెల్లదు."

రాజు తిప్పన వంక చూశాడు. "కక్ష ఉందా?"

"ఉంది ప్రభూ. దాస్తే దాగేంత చిన్నది కాదు. అందుకే తీర్పు నేను చెప్పను, భట్టుగారే చెబుతారు." తిప్పన అటు తిరిగాడు. "అయ్యా, తమరు గెలిచేది ఎత్తులతోనే కదా?"

"మరి దేంతో? నీకు తెలియకపోతే పక్కవాణ్ణి అడుగు."

"కుండతో పనిలేదు కదా?"

"కుండలు చూసి ఆడటానికి నేనేమైనా కుమ్మరినా?"

"అంత మాటా? తమరి స్థాయి నాకు తెలియదూ." అంటూనే తిప్పన రెండు కుండలూ ఎత్తి, అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. "పలక మీద ఏదీ కదల్చలేదు. వంతు తమరిదే. గెలవండి."

భట్టు తన ముందున్న గుక్కెడు నీళ్ల వంక చూశాడు. పేరిశాస్త్రి నిండు కుండ పక్కన తీరిగ్గా కాళ్లు చాపుకున్నాడు. తిప్పన చెయ్యి బిరడా మీదికి వెళ్లింది.

"ఆగాగు," అన్నాడు భట్టు. "ఇప్పుడు చూస్తే... సరి ఆటలాగే ఉంది."

సభ గొల్లుమంది. రాజుకు పొలమారింది.

"ఇంతకీ సరి ఎప్పుడివ్వాలి తిప్పనా?"

"ఎదుటివాడు పలక చూడటం మాని కుండ చూడటం మొదలెట్టినప్పుడు, ప్రభూ."

"పదవి శాస్త్రిదే," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "తిప్పనకు పళ్లెం నిండా బొబ్బట్లు. భట్టే స్వయంగా వడ్డించాలి."

భట్టు వంగి వడ్డిస్తుంటే తిప్పన ఒక్కొక్కటే మెల్లగా తిన్నాడు. ఆఖరిది మాత్రం పళ్లెంలోనే ఉంచి ఆయన వైపు జరిపాడు.

"ఇది తమరికే భట్టుగారూ. అరుగుతుందనుకుంటేనే సుమండీ."