తడి ఆరని కొత్తిమీర

దస్తగిరి కుండ మీది గుడ్డ తియ్యగానే వాసన ముఖాన కొట్టింది.

పైనున్న కట్టను పట్టుకున్నాడు. అది నాచులా చేతిలోంచి జారిపోయింది. దాని కిందిదీ అంతే. ఆ కిందిదీ అంతే. నలభై కట్టల కొత్తిమీర, ఇరవై కట్టల పుదీనా నల్లబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

ఆ రోజు గురువారం. అనంతపురం దాటాక ఒక రాతికొండ కింద ఖలీల్ బాబా అనే ఫకీరు ఉండే తకియా, ఆశ్రమం లాంటిది, ఉంది. ప్రతి గురువారం అక్కడికి రెండు వందల మంది అన్నానికి వస్తారు. నువ్వెవరని ఎవరూ అడగరు. సంత మాత్రం ఆదివారమే. ఆదివారం తెచ్చిన ఆకు ఆ ఎండల్లో గురువారం దాకా నిలవాలి. దస్తగిరి వంటశాల చూసుకోవడం మొదలుపెట్టాకే అది నిలవడం మొదలైంది. తడి ఇసుకలో కుండ దించి, అందులో ఆకు దాచేవాడు. నాలుగో రోజు తీసినా అప్పుడే కోసినట్టుండేది. "దస్తగిరి చేతిలో ఆకు వాడదు" అని వచ్చినవాళ్ళంతా అనేవారు. ఆ మాట అతనికి అన్నం కంటే ఎక్కువ.

మొన్న ఆదివారం అతను చెల్లెలి ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. ఆకు పని మస్తానయ్యకు నేర్పి వెళ్ళమన్నాడు బాబా. మస్తానయ్య రెండు నెలల కిందట వచ్చాడు. గుంతకల్లులో నలభై ఏళ్ళు మూటలు మోసిన మనిషి. భార్య పోయాక ఇక్కడికి చేరాడు.

"ఎవరు పెట్టినారు ఇవి?" అని అరిచాడు దస్తగిరి. ఎవరు పెట్టారో అతనికి తెలుసు.

మస్తానయ్య మూలన కూర్చుని తెల్లగడ్డలు వలుస్తున్నాడు. తలెత్తాడు. "నేనే అప్పా. నువ్వు చెప్పినట్లే..."

"నేను కుళ్ళబెట్టమని చెప్పినానా?"

కుండలోంచి ఒక కట్టను గుప్పిట్లో పట్టుకొచ్చి మస్తానయ్య ముఖాన విసిరికొట్టాడు. అది చెంపకు అతుక్కుంది. నల్లటి నీళ్ళు తెల్ల గడ్డంలోకి కారాయి. వంటసాయానికి వచ్చి బియ్యం కడుగుతున్న ఖాసింబీ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

మస్తానయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తొందరేమీ పడలేదు.

"నాకు డెబ్బై ఏండ్లు," అన్నాడు. "మా నాయన గూడా నా ముఖాన ఏమీ ఇసరలేదు."

లేచి, గోడకు తగిలించిన తన సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

దస్తగిరి కోపం ఇంకా దిగలేదు. "పోనీ! మనిషికి చేతకానప్పుడు చేతకాదని చెప్పల్ల!" అంటూ కుండను వాకిట్లోకి ఈడ్చాడు, దిబ్బలో పారబోద్దామని.

గుమ్మంలో బాబా నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

బాబా గోనెపట్టా పరిచి, కుండను దాని మీద బోర్లించాడు. పక్కన కూర్చుని, ఒక కట్ట విప్పి ఏరడం మొదలుపెట్టాడు.

"పారేద్దాం బాబా. కంపు కొడతా ఉంది."

"కూర్చో."

దస్తగిరి కూర్చున్నాడు. కట్టలు విప్పడం లేదు, చీల్చి పడేస్తున్నాడు. కుళ్ళు వేళ్ళకు అంటుకుంటోంది. ఆ ముసలాయన చేసిన పనికి తను ఈ రొచ్చులో చెయ్యి పెట్టాలా?

"ఒక్క ఆకు కుళ్ళితే కట్టంతా పోతుందని మీరే అంటారు గదా," అన్నాడు. "ఆ మనిషి పోయిందే మేలు."

"కుళ్ళింది ఏరెయ్యమంటాను," అన్నాడు బాబా తల ఎత్తకుండానే. "కట్టను విసరమన్నానా?"

గంట గడిచింది. ఆ నల్లటి ముద్దలో అక్కడొక రెమ్మ, ఇక్కడొక రెమ్మ పచ్చగా దొరికాయి. బాబా వాటిని నీళ్ళలో జాడించి, భుజం మీది తుండుగుడ్డ పరిచి అందులో పెడుతున్నాడు. అన్నీ కలిపితే ఒక గుప్పెడయ్యాయి. నీళ్ళోడుతుండగానే గుడ్డ నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి మూట కట్టబోయాడు.

"అయ్యో, అట్ల చుట్టేస్తారేంది బాబా!" దస్తగిరి చెయ్యి అడ్డం పెట్టాడు. "తడి ఉంది గదా! నీడన పరిచి, తడంతా ఆరినాకనే చుట్టల్ల. లేకుంటే రెండోనాటికే కుళ్ళుతుంది."

బాబా చేతులు ఆగాయి.

"ఈ మాట మస్తానయ్యకు చెప్పినావా?"

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. దస్తగిరి అడ్డం పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున మస్తానయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం దస్తగిరికి కళ్ళ ముందు కనిపించింది. పండుటాకు ఏరెయ్యల్ల. వేర్లు కొయ్యల్ల. మట్టి పోయేలా కడగల్ల. గుడ్డ చుట్టల్ల. కుండలో పెట్టి, చుట్టూ ఇసుకకు నీళ్ళు పొయ్యల్ల. ఐదు వేళ్ళూ అయ్యాక రెండో చెయ్యి కూడా చాపి, "ఇంకేమన్నా ఉందా అప్పా?" అని అడిగాడు. "అంతే," అన్నాడు తను. అని బస్సెక్కాడు.

దస్తగిరి ముఖం ఎర్రబడింది.

"చెప్పలేదు!" అని అరిచాడు, గురువు మీదే. "ఎందుకు చెప్పల్ల? మూడు ఎండాకాలాలు పారబోసి పారబోసి నేర్చుకుంటి. నాకెవరు చెప్పినారు? నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి ఒక్క మాటతో చేతిలో పెట్టేయల్లా? రేపు అందరూ మస్తానయ్య చేతిలో ఆకు వాడదంటారు!"

ఆ తకియాలో బాబా ముందు ఎవరూ అంత గొంతు ఎత్తలేదు. ఖాసింబీ గరిటె కింద పెట్టేసింది. బాబా మెడ నరాలు ఉబ్బడం ఆమె అదే మొదటిసారి చూసింది. కానీ మాట వచ్చేసరికి గొంతు తగ్గే ఉంది.

"నీకెవరూ చెప్పలేదు. నిజమే. ఆ కోపం మూడేండ్లు దాచినావు. కొత్తిమీర కన్నా దాన్నే బాగా దాచినావు దస్తగిరీ. ఒక్క ఆకూ వాడలేదు."

అంతే. ఆ గుప్పెడు ఆకు ఖాసింబీ చేతిలో పోసి, గోనెపట్టా మడిచి, తనే దిబ్బ వైపు మోసుకెళ్ళాడు.

దస్తగిరి లేచి తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. బూడిదతో తోమాడు, సబ్బుతో తోమాడు. వాసన పోలేదు. బాబా మీద కోపంగా ఉంది. ఖాసింబీ అంతా విన్నదని కోపంగా ఉంది. ఆ ముసలాయన ఐదు వేళ్ళు మడిచి అడిగినందుకు కూడా కోపంగా ఉంది. ఆ కోపంతోనే తడి చేతులు తుడుచుకోకుండా రోడ్డు మీదికి నడిచాడు.

బస్సు ఆగే చోట రేకుల షెడ్డు కింద మస్తానయ్య కూర్చుని ఉన్నాడు. సంచి ఒళ్ళో ఉంది. గడ్డంలో ఇంకా ఒక నల్లటి ఆకు తునక అంటుకుని ఉంది.

"ఏం, ఇంకా మిగిలినాయా విసరడానికి?" అన్నాడు.

దస్తగిరి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. దారి పొడవునా ఏమేమో అనుకుని వచ్చాడు.

"కడిగినాక ఆరబెట్టల్ల," అన్నాడు. "నీడన. ఆకు మీద తడి లేకుండా."

మస్తానయ్య అతని వైపు తిరిగాడు.

"ఈ మాట ఆ పొద్దే ఎరికేనా నీకు?"

"ఎరికే."

"ఎరికే ఉండి చెప్పకపోతివా?"

"చెప్పకపోతి."

ముసలాయన దవడలు బిగుసుకున్నాయి. సంచి మీద ఉన్న చెయ్యి పైకి లేచింది. కొడతాడనుకుని దస్తగిరి కదలకుండా కూర్చున్నాడు. కొట్టనీ, అనుకున్నాడు. కొడితే బాగుండు. చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, మళ్ళీ సంచి మీదికి దిగింది.

బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. కండక్టరు తలుపు కొడుతూ, "గుంతకల్లు, గుంతకల్లు, ఎక్కల్ల పెద్దాయనా!" అని కేకేశాడు.

మస్తానయ్య లేవలేదు. బస్సు వైపు చూడను కూడా లేదు. కండక్టరు ఇంకోసారి పిలిచి, విసుక్కుని, ఈల వేశాడు.

బస్సు వెళ్ళిపోయింది. రేగిన దుమ్ము అణిగింది.

"మొదట్నుంచి చెప్పు," అన్నాడు మస్తానయ్య. గొంతులో కోపం కోపంగానే ఉంది. "ఈసారి ఏమీ మింగొద్దు."